ముప్ఫై సెంటీమీటర్ల సందు

కాటాలాయన పొట్ట ఇరుక్కున్న రోజున పాత ఇనుము యార్డు గేటు దగ్గర తొమ్మిది లారీలు వరసగా నిలిచిపోయాయి.

ఇరుక్కున్నది మామూలు చోట కాదు. లారీ కాటా అంటే లారీని లారీతో సహా తూచే ఇనుప వేదిక. దాని కింద, మనిషి మోకాళ్ల మీద కూర్చోగలిగినంత గొయ్యి ఉంటుంది. బరువును పసిగట్టే పరికరాలు నాలుగు మూలలా ఆ గోతిలోనే ఉంటాయి. వాటి తీగలన్నీ కలిసే పెట్టె కూడా అక్కడే ఉంటుంది. కాటా తప్పు చూపించిందంటే ఎవరో ఒకరు లోపలికి దిగి, ఆ పెట్టె తెరిచి, గోరంత మరలు అటో ఇటో తిప్పి సరిచేయాలి. ఈమధ్య కట్టే కాటాలకు ఆ పెట్టెను పైనే అమరుస్తున్నారు. ఈ యార్డులోది పాతకాలం నాటిది. దిగే దారి రెండు ఇనుప దూలాల మధ్య ఒక సందు. పొడవుకేం ఢోకా లేదు, ఎంత వెడల్పాటి భుజాలైనా పడతాయి. ఇరుకంతా వెడల్పులోనే. ఆ కాటా కట్టినవాడెవడో తన ఒంటి కొలత ఇచ్చి మరీ కట్టించుకున్నట్టున్నాడు.

పోయిన ఏడాది తనిఖీకొచ్చినప్పుడు ఎలాగో ఊపిరి వదిలి జారిపోయాడు కాటాలాయన. ఈసారి కాళ్లు దిగాయి, తొడలు దిగాయి, పొట్ట దగ్గరికొచ్చేసరికి వ్యవహారం ఆగింది. పోనీ పైకొద్దామంటే అదీ కుదరలేదు.

"ఊపిరి వదులన్నా!" అన్నాడు వరసలో మొదటి లారీ డ్రైవరు, కిందికి వంగి.

"వదిలాను."

"ఇంకొంచెం వదులు."

"ఇంకొంచెం వదిలితే ప్రాణం కూడా దాంతోపాటే పోయేట్టుంది."

"గ్రీజు పూద్దామా? నా దగ్గర డబ్బా నిండా ఉంది."

"నువ్వు గ్రీజు తెచ్చేలోగా నేనిక్కడే చిక్కి సగమవుతాను, పో!"

చివరికి ఇద్దరు డ్రైవర్లు చెరో చంకలో చేయి వేసి గుంజితే టప్పుమని బయటపడ్డాడు. యూనిఫాం జేబు గుండీలు రెండు గోతిలో రాలాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక అవస్థపడుతుంటే, ఒకప్పుడు అతనితో పాటు ఒకే రోజున ఉద్యోగంలో చేరిన పుల్ల ముందుకొచ్చాడు. అసలు పేరేదైనా, ఆ ఒంటికి ఆ ముద్దుపేరే నప్పింది.

"నువ్వలా నీడన కూర్చుని నీళ్లు తాగు. నేను చూసుకుంటాలే" అంటూ పోస్టు డబ్బాలో ఉత్తరం పడ్డట్టు లోపల పడ్డాడు పుల్ల. పడ్డంత వేగంగానే పైకి వచ్చాడు కూడా. పావుగంట పనిని ఏడు నిమిషాల్లో తేల్చేశాడు. పుల్లకు సాలీళ్లంటే హడలు. ఏ గోతిలోనూ ఏడు నిమిషాలకు మించి ఉండడు.

అది తప్పు పని అని కాటాలాయనకు తెలుసు. మూలలు నాలుగూ ఒక్కటే మాట చెప్పేదాకా తిప్పి చూడాలి. మొదటి మూల సరిచేస్తే మూడో మూల కదులుతుంది. మూడోది పట్టుకుంటే రెండోది అలుగుతుంది. అందర్నీ బుజ్జగించి కూర్చోబెట్టడానికి వేళ్ల కొసల్లో ఓపిక ఉండాలి. పంతొమ్మిదేళ్లుగా కాటాలాయన చేస్తున్నది అదే. తడి ఇనుము వాసన, నెత్తిమీద లారీల గుడగుడ, టార్చి వెలుతురులో గోరంత మర. చివరికి పైనుంచి ఎవరో "సున్నా!" అని కేక వేస్తే కలిగే సంతోషం అతనికి ఇంకెక్కడా దొరకలేదు.

మర్నాడు కాటాల తనిఖీ ఆఫీసులో మేనేజరమ్మ పిలిచింది.

"కూర్చోండి" అంది. అతను కూర్చోబోతున్న కుర్చీ వైపు చూసి, "అది కాదు, చేతులు లేని కుర్చీ ఉంది చూడండి, అందులో" అని సవరించింది. వెటకారం కాదు, నిజంగానే మంచికి చెప్పింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మన పరిధిలో అలాంటి పాత కాటాలు తొమ్మిదున్నాయి. ఏడాది తనిఖీలు ఇంకో ఇరవై వారాల్లో మొదలు. గోతిలో దిగలేని మనిషిని జాబితాలో ఎలా పెట్టమంటారు?"

"దిగుతాను మేడం."

"నిన్న దిగలేదుగా."

"తనిఖీల నాటికి దిగుతాను."

ఆవిడ జాబితా కాగితం ముందుకు లాక్కుంది. "సరే. మొదటి రోజు, మొదటి కాటా, ఆ యార్డుదే పెడతాను. మీరు దిగితే జాబితా మీది. దిగకపోతే జాబితా నిన్న దిగినాయనకి, మీకు సర్టిఫికెట్ల బల్ల."

సర్టిఫికెట్ల బల్ల అంటే ఏమిటో కాటాలాయనకు తెలుసు. ఆ బల్ల ఉన్న గది కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ కనిపిస్తుంది. ఒకప్పుడు కాలు బెణికి మూడు వారాలు అక్కడ కూర్చున్నాడు. ఎవరో సరిచేసిన కాటాలకు ఎవరో సంతకం పెట్టిన కాగితాల మీద ముద్రలు కొట్టడమే పని. మూడో వారానికి కలలో కూడా చేయి పైకీ కిందికీ ఆడేది.

ఆ సాయంత్రమే ఆఫీసు స్టోరులో మూలపడి ఉన్న వేదిక కాటా ఒకటి సంతకం పెట్టి ఇంటికి తెచ్చాడు. బస్తాలు తూచే రకం. ఇరవై కిలోల తూకపు గుండ్లు ఐదు ఆటోలో వేసుకొచ్చి మరీ దాన్ని పరీక్షించాడు. పది గ్రాముల తేడా కూడా లేకుండా సరిచేసి, వరండాలో తలుపు పక్కన నిలబెట్టాడు.

ఇంటి ముందు గది భార్య కుట్టుపని కొట్టు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, కాలి కింద మిషను. గుండుసూదులు తీసి గిన్నెలో వేసి అడిగింది.

"ఏమండీ, ఇదెవరికి?"

"నాకే. బరువు తగ్గాలి. ఏ పనికైనా కొలత ఉండాలి. కొలత లేకపోతే అంతా ఊహే."

"కొలతల సంగతి నాకు చెప్తున్నారా?" అంది ఆమె, మెడలోని టేపు సర్దుకుంటూ.

కాటాలాయన ఎక్కాడు. తొంభై ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు. ఎనిమిదేళ్ల కూతురు, ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే పిల్ల, ఆ అంకెను గట్టిగా రెండుసార్లు చదివింది. పక్కింటివాళ్లకు కూడా వినబడింది.

బీరువా పక్కన గళ్ల కాగితం అతికించి, రోజుకో చుక్క పెట్టడం మొదలైంది. ఆఫీసు వ్యాను మానేసి నడిచి వెళ్లాడు. క్యాంటీన్‌లో వేపుళ్ల వైపు చూడకుండా ముఖం తిప్పుకునేవాడు. రెండోసారి వడ్డించుకోవడం మానేశాడు. మూడు వారాల్లో గీత జారుడుబల్ల మీది పిల్లాడిలా సర్రున దిగింది. తొంభై నాలుగు. ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. విన్న ప్రతివాడూ "అవునా, నిజమే, ముఖం కాస్త పీక్కుపోయింది" అన్నాడు. దాన్ని కూడా మెప్పుగానే తీసుకున్నాడు.

నాలుగో వారం నుంచి గీత మొండికేసింది. తొంభై మూడున్నర, తొంభై మూడు, తొంభై మూడు ఎనిమిది వందలు, మళ్లీ తొంభై నాలుగు. రోజుకొకసారి తూచుకునేవాడు కాస్తా లేవగానే ఒకసారి, టీకి ముందొకసారి, టీ తర్వాతొకసారి, నడిచి వచ్చాక ఒకసారి తూచుకోసాగాడు. తగ్గితే ఈలలు, పెరిగితే విసుర్లు. ఇంట్లో వాళ్లకు ఆ రోజు వాతావరణం ఎలా ఉండబోతోందో కాటా దిగిన ముఖం చూస్తే తెలిసిపోయేది.

"ఒక గ్లాసు నీళ్లు తాగితే పావుకిలో పెరుగుతారు. అది కూడా నేరమేనా?" అంది భార్య ఒకరోజు.

నిజానికి అది అతనికి తెలియని సంగతి కాదు. మనిషి ఒంట్లో నీరు, ముందురోజు తిన్న ఉప్పును బట్టి, కడుపులో ఉన్నదాన్ని బట్టి, కిలో కిలోన్నర ఇట్టే అటూ ఇటూ ఊగుతుంది. ఒక్క అంకెకు అర్థం లేదు, పది అంకెల నడక చూడాలి. యార్డులో ఎవరైనా ఒక్కసారి తూచి "ఈ కాటా తప్పు" అంటే ఒంటికాలి మీద లేచే మనిషి, తన విషయానికొచ్చేసరికి ఆ చదువంతా గాలికొదిలేశాడు. పైగా అనుమానం వచ్చి గుండ్లు మళ్లీ తెచ్చి కాటాను పరీక్షించాడు. కాటాది తప్పు కాదని తేలింది.

తొమ్మిదో వారంలో జరిగింది అసలు సంగతి.

సాయంత్రం భోజనాల దగ్గర పిడుగు సగం పళ్లెం పక్కకు జరిపింది. ఇష్టమైన గుడ్డు కూర కూడా ముట్టుకోలేదు.

"ఏమైందిరా? ఒంట్లో బాగాలేదా?" అంది తల్లి, నుదుటి మీద చేయి వేస్తూ.

"బాగానే ఉంది. పోయిన వారం నాలుగు వందల గ్రాములు పెరిగాను. నా గీత కూడా దించాలి."

భార్య లేచి బీరువా దగ్గరికి వెళ్లింది. గళ్ల కాగితం అడుగున, తండ్రి నీలం చుక్కల కింద, పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు. పది రోజులవి. నాలుగు రోజులుగా గీత దిగుతోంది.

కాటాలాయన తన పళ్లెం పక్కకు జరిపాడు. పిల్ల పక్కన కూలబడి, "నీది పెరిగే వయసురా తల్లీ. నీ గీత పైకెళ్లాలి. నాది దిగే గీత, నీది ఎక్కే గీత" అన్నాడు.

"అసలు దానికి గీతెందుకండీ?" అంది భార్య. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించేంత మెల్లగా అంది. "అన్నం తినడానికి, ఆడుకోవడానికి గీత కావాలా? పొద్దున లేస్తే ఇంట్లో వినబడేది ఒకటే మాట, ఎంత, ఎంత, ఎంత. విన్నది నేర్చుకుంది."

పిడుగు భయపడి గుడ్డు కూర మొత్తం ఒక్క ఊపున తినేసింది. కాటాలాయన మాత్రం ఆ పూట తినలేదు. మర్నాడు ఉదయం పిల్ల రొట్టె తింటుంటే ఎదురుగా కూర్చుని, పెదవులు కదుపుతూ చూశాడు.

"కొరుకులు లెక్కపెట్టకండి!" అని మిషను దగ్గర్నుంచి కేక వినబడింది.

ఆ రోజే కాటాను స్టోరుకు తిరిగి ఇచ్చేశాడు. గళ్ల కాగితం చింపేశాడు. ఒక వారం పాటు నడక కూడా సరిగ్గా సాగలేదు. ఎంత నడిచినా ఎక్కడికి చేరాడో చెప్పే అంకె లేదు. చీకట్లో మర తిప్పుతున్నట్టుంది. సర్టిఫికెట్ల గది కిటికీ, ఆ కిటికీలోంచి కనిపించే గోడ కళ్లముందు ఆడాయి.

"మానేస్తున్నా" అన్నాడు భార్యతో. "కొలవకుండా నావల్ల కాదు. కొలిస్తే ఇల్లు పాడవుతోంది."

ఆమె ఎవరిదో కోటు చంకలు విప్పుతోంది. తలెత్తకుండానే అడిగింది. "ఆ గోతికి మీ బరువెంతో ఎలా తెలుస్తుంది?"

"అంటే?"

"అంటే, అదేమైనా కాటానా? ఆ పైన ఉన్నది కాటా. మీరు పట్టాల్సింది సందులో. నా దగ్గరికి కోటుకొచ్చినవాళ్లని నేనెప్పుడైనా మీ బరువెంత అని అడిగానా?"

పంతొమ్మిదేళ్లు బరువులతో కాపురం చేసిన మనిషికి ప్రపంచంలో ఇంకో రకం కొలత ఉంటుందనే తట్టలేదు. పది గ్రాముల దాకా సరిగ్గా, తొమ్మిది వారాల పాటు, అక్కర్లేనిదాన్ని కొలిచాడు.

ఆ మధ్యాహ్నమే ఇనుప టేపు పట్టుకుని యార్డుకు పోయి, సందు మీద బోర్లా పడుకుని కొలిచాడు. దూలం నుంచి దూలానికి ముప్ఫై సెంటీమీటర్లు. మళ్లీ కొలిచాడు. ముప్ఫై. మిల్లీమీటరు అటూ లేదు, ఇటూ లేదు. ఆ రోజు గ్రీజు పూస్తానన్న డ్రైవరు ఆ దారిన పోతూ చూసి, "ఏమన్నా, దానికి చొక్కా కుట్టిస్తున్నావా?" అన్నాడు.

ఇంటికొచ్చి అంకె చెప్పాడు. ఇక తన మందమెంతో తెలియాలి. వీపు నుంచి బొడ్డు దాకా, అడ్డంగా. టేపు చుట్టూ తిరుగుతుంది గానీ అడ్డంగా దూరదు. ముగ్గురూ కాసేపు బుర్రలు గోక్కున్నారు. ఉపాయం పిడుగుది. నాన్నను గోడకు ఆనించి నిలబెట్టి, గట్టి అట్ట ఉన్న పెద్ద నిఘంటువును నిలువుగా పొట్టకు ఆన్చాలి. గోడ నుంచి అట్ట దాకా ఎంత ఉందో కొలవాలి.

"నా టేపు వద్దు, గుడ్డది, సాగుతుంది. కత్తిరింపు బల్ల మీద చెక్క స్కేలుంది, అది తీసుకో" అంది తల్లి.

కాటాలాయన ముచ్చటపడిపోయాడు. "నువ్వు మా డిపార్టుమెంటులో ఉండాల్సినదానివి."

"నేనొస్తే మీ పుల్లగారి ఉద్యోగం ఊడుతుంది."

అయితే తల్లి ఒక షరతు పెట్టింది. కొలిచేది పిడుగు. కొలిపించుకునేది ఆయన. పిడుగుకు కొలతలూ లేవు, గీతలూ లేవు. వారానికి ఒక్కసారి, ఆదివారం ఉదయం, అంతే. మిగతా ఆరు రోజులు ఇంట్లో ఆ ఊసు ఎత్తకూడదు.

మొదటి ఆదివారం ఇరవై తొమ్మిది వచ్చింది. కాటాలాయన ఎగిరి గంతేయబోయాడు.

"నాన్నా, పొట్ట లోపలికి లాగావు."

"లేదే!"

"లాగావు. ముఖం ఎర్రగా ఉంది. ఒకటి నుంచి పది దాకా గట్టిగా చెప్పు."

మాట్లాడుతూ పొట్ట బిగబట్టడం ఎవరి తరమూ కాదు. 'నాలుగు' దగ్గర పొట్ట దానంతటదే వచ్చి నిఘంటువును తోసింది. ముప్ఫై రెండు సెంటీమీటర్ల ఎనిమిది మిల్లీమీటర్లు. పిడుగు లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో రాసుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం పది దాకా లెక్క చదవడం ఖాయమైంది.

బుధవారం ఒకసారి ఎవరూ లేనప్పుడు కాటాలాయన గోడకు ఆనుకుని నిలబడి నిఘంటువు కోసం చేయి చాపాడు. అల్మరాలో నిఘంటువు లేదు. పిడుగు దాన్ని బడి సంచిలో పెట్టుకుని మోసుకుపోయింది. రెండు కిలోల బరువు. "ఎందుకే అంత మోత?" అంటే, "నువ్వు ఆగలేవని తెలుసు" అంది. పాపం ఆ భుజాలేం కావాలని కాటాలాయన బెంగపెట్టుకుని, మర్నాటి నుంచి నిఘంటువును ముట్టనని మాటిచ్చి దింపించాడు.

అలా వారాలు గడిచాయి. ముప్ఫై రెండు ఆరు. మళ్లీ ముప్ఫై రెండు ఆరు. ఆ ఆదివారం పాత అలవాటు ప్రకారం ముఖం మాడ్చుకోబోయాడు గానీ, పిడుగు చెక్క స్కేలు మీద మిల్లీమీటరు గీతల్ని చూపుడువేలితో చూపిస్తూ, "పోయిన వారం ఎంతో ఇంతే ఉన్నావు నాన్నా. పెరగలేదుగా" అని పుస్తకం మూసి ఆటకు పోయింది. కొలిచినవాళ్లకే పట్టనప్పుడు తనొక్కడే కూర్చుని ఏడవడం బాగుండదనిపించింది. చెప్పులు వేసుకుని నడకకు బయలుదేరాడు. ముప్ఫై రెండు ఒకటి. ముప్ఫై ఒకటి తొమ్మిది. ఒకసారి ముప్ఫై రెండుకు పెరిగింది. ఆ ముందురోజు పుల్ల కూతురి పుట్టినరోజు విందు. కారణం తెలిసిందే కాబట్టి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. తర్వాత ముప్ఫై ఒకటిన్నర. వ్యాను డ్రైవరు అతన్ని మరిచేపోయాడు. క్యాంటీన్‌వాడు అడగకుండానే వేపుడు లేని పళ్లెం ముందు పెట్టేవాడు. నడిచి వెళ్లే దారిలో ఎవరింటి కుక్క ఎన్నింటికి మొరుగుతుందో కూడా తెలిసింది. ప్యాంట్లు వదులై, ప్రతి రెండు వారాలకూ భార్య ఒక కుట్టు లోపలికి వేస్తోంది. వేసిన ప్రతిసారీ "ఇదిగో, ఉచితంగా చేస్తున్నానని లోకువ" అంటోంది.

తనిఖీ మంగళవారం. అంతకుముందు ఆదివారం కొలిస్తే ముప్ఫై సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు.

పిడుగు మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అంతే. కాటాలాయన గోడకు ఆనుకునే మెల్లగా నేల మీదికి జారాడు.

"నాలుగు మిల్లీమీటర్లు" అన్నాడు. "ఇంకో రెండు వారాలుంటే..."

"ఇరవై వారాల నుంచి ఉన్నాయి వారాలు" అంది భార్య. అని, అతని ముఖం చూసి తగ్గింది. దగ్గరికొచ్చి, కొక్కేనికి వేలాడుతున్న అతని యూనిఫాం ఓవరాల్ కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపి చూసింది. "ఇది వేసుకునేనా దిగేది?"

"మరి? ఆఫీసు బట్ట కదా."

"మందపాటి గుడ్డ. ముందు రెండు జేబులు, జేబుల మీద మూతలు, మూతల మీద గుండీలు. నడుముకు పట్టీ. మీరు ముప్ఫై మీద నాలుగు మిల్లీమీటర్లైతే, ఇది వేసుకుంటే ముప్ఫై ఒకటి దాటుతారు. పైగా ఇది గరుకు, ఆ ఇనుము తుప్పు పట్టి అంతకంటే గరుకు. గరుకూ గరుకూ కలిస్తే కదులుతుందా?" అని క్షణం ఆగింది. "కోటు లోపల మేం లైనింగ్ ఎందుకేస్తామో తెలుసా?"

"అందానికి."

"అందానికైతే లోపలెందుకు, బయటేస్తాం. చేయి పెట్టగానే జారడానికి."

కొట్టంతా వెతికితే నిలువెత్తు మనిషికి సరిపడా లైనింగ్ గుడ్డ ఒకే ఒక్క రంగులో మిగిలింది. ముదురు గులాబీ. ఏదో నాటక బృందానికి కోట్లు కుట్టగా మిగిలిన తాను. సోమవారం సాయంత్రానికి మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కగా, జేబుల్లేకుండా, గుండీల్లేకుండా, వీపు వెనక జిప్పుతో ఓవరాల్ తయారైంది. వేసుకుని అద్దం ముందు నిలబడ్డ కాటాలాయన అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకున్నాడు.

"తళతళలాడుతున్నావు నాన్నా" అంది పిడుగు.

"ఒక్కసారి ఇది వేసుకుని కొలుస్తావా?"

"ఆదివారం అయిపోయింది. రేపు ఆ సందే కొలుస్తుందిలే."

మంగళవారం ఉదయం యార్డులో మేనేజరమ్మ జాబితా కాగితం పట్టుకుని నిలబడింది. పుల్ల పక్కనే కాటా గదిలో అంకెలు చదవడానికి సిద్ధంగా ఉన్నాడు. లారీలు వరస కట్టాయి. ఇలాంటి రోజును వదులుకోని గ్రీజు డ్రైవరు రెండో నంబరులో ఉన్నాడు.

కాటాలాయన యూనిఫాం విప్పేసరికి యార్డులో ఈలలు మొదలయ్యాయి.

"అన్నా, ఏ ఊళ్లో నాటకం?"

"టిక్కెట్టెంత?"

"దిగాక చెప్తాను" అన్నాడు కాటాలాయన. చెవులు మాత్రం ఓవరాల్ రంగులోకి వచ్చాయి.

కాళ్లు దిగాయి. తొడలు దిగాయి. రెండు చేతులూ దూలాల మీద ఆన్చి, ఒంటిని మెల్లగా వదిలాడు. పొట్ట సందులో ఆనింది. ఆగింది.

ఈలలు ఆగిపోయాయి. మేనేజరమ్మ కాగితం కిందికి దించింది. పుల్ల కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఆ ముఖంలో గెలుస్తున్న మనిషి సంతోషం లేదు. తొమ్మిది గోతుల్లోని సాలీళ్లన్నీ వరసగా కనబడుతున్నట్టుంది.

గట్టిగా నెట్టబోయి కాటాలాయన ఆగాడు. పోయినసారి చేసింది అదే. భయపడి ఊపిరి బిగబట్టడం, బిగబట్టినకొద్దీ ఉబ్బడం. కళ్లు మూసుకున్నాడు. గోడ ముందు నిలబడ్డట్టు నిలబడి, గట్టిగా మొదలుపెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు."

"ఏం లెక్కపెడుతున్నారు?" అంది మేనేజరమ్మ.

"నాలుగు. ఐదు."

ఒక్కో అంకెతో ఛాతీలో గాలి తరుగుతోంది. పొట్ట మెత్తబడుతోంది. ఆరు దగ్గర గులాబీ గుడ్డ దూలం మీద సుయ్యిమంది. ఏడు దగ్గర మనిషి కనబడలేదు. ఎనిమిది, తొమ్మిది, పది గోతిలోంచి వినిపించాయి.

యార్డంతా ఒక్కసారిగా గోల. గ్రీజు డ్రైవరు హారను ఆపకుండా మోగించాడు. వెనకున్న లారీలు, ఎందుకో తెలియకపోయినా, తామూ మోగించాయి.

లోపల కాటాలాయనకు అవేవీ సరిగా వినబడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, టార్చి వెలిగించాడు. తడి ఇనుము వాసన. పెట్టె మూత తీశాడు. పైన తూకపు గుండ్లను ఒక్కో మూలకూ మారుస్తున్నారు.

"మూడో మూల నలభై ఎక్కువ!" అని కేకేశాడు పుల్ల.

నలభై కిలోలు. కాటాలాయన నాలుక చప్పరించి, మరను గోరంత తిప్పాడు.

"ఇరవై! ఐదు! సున్నా! ఆగు, రెండో మూల కదిలింది, పది తక్కువ!"

"అలిగింది. దాని సంగతి నేను చూస్తాలే."

పావుగంటకు నాలుగు మూలలూ ఒక్కటే మాట చెప్పాయి. మేనేజరమ్మ సందు దగ్గరికొచ్చి వంగింది. "జాబితాలో మిమ్మల్నే రాశాను. తొమ్మిదీ మీవే. ఇక పైకి రండి, లారీలు ఆగిపోయాయి."

"ఒక్క ఐదు నిమిషాలు మేడం. ఈ పరికరాల మీద మట్టి పేరుకుంది, తుడిచి వస్తాను. ఇరవై వారాలుగా ఎవరూ ముట్టుకున్నట్టు లేదు."

"అది నన్నే అన్నాడు" అన్నాడు పుల్ల, కాటా గదిలోంచి. అని, లోపలికి ఒక గుడ్డముక్క విసిరాడు.